మూడో పొట్లం

నేను నమూనాలు తీసేవాణ్ణి.
ఓడంత సరుకులో నా చేతికొచ్చేది మూడు పిడికిళ్ళు.

నలభై వేల టన్నుల రాయి, పిండిలా, పాత గోనెరంగులో.
ఎక్కడో ఎడారిని గీకి, బెల్టు మీద సముద్రం దాకా నడిపించి,
ఇరవై మూడు రోజులు ఊపుకుంటూ తెచ్చి
చెన్నై రేవులో కట్టేశారు.
క్రేను పంజా దిగుతుంది, గుప్పిట మూస్తుంది,
హాపర్ నోట్లో వదులుతుంది.
వదిలిన ప్రతిసారీ ఓడ వెంట్రుకవాసి పైకి లేస్తుంది.
దాని పొట్ట మీది తెల్లంకెలు చదివి బరువు చెప్పే పెద్దమనిషి వేరు.
నాది గుణం లెక్క.

భాస్వరం ముప్పై ఒకటికి తగ్గితే ధర తెగుతుంది.
తేమ రెండు దాటితే
నీళ్ళకి డాలర్లు కట్టామా అని
తంబుచెట్టి వీధి మేడ మీంచి దేవసహాయం గారు ఫోన్లో అరుస్తారు.
ఓడ దారిలో ఉండగానే రేటు రెండుసార్లు మారిందట.
రాయికేం తెలుసు,
అది చీకట్లో పడుకుని ఉంది.

పక్క బెర్తులో పొటాష్. ఎర్ర ఉప్పు.
మంచునేల కింద కిలోమీటరు లోతున ఎండిపోయిన సముద్రం.
మధ్యాహ్నం గాలి తిరిగితే పెదాల మీద వాలుతుంది.
ఉప్పే, కానీ కూరలోకి పనికిరాదు.

షెడ్డులో సంచుల మూతులు కుట్టే మస్తానమ్మది సూళ్ళూరుపేట.
సంచి మీద అచ్చేసిన అంకెలు చూపించి ఓసారి చెప్పింది:
“సున్నా, సున్నా, అరవై.
మొదటి సున్నా మా ఇంటాయన, రెండోది మా మరిది.
అరవై నేను.”

ఆ శుక్రవారం కుట్టుపని లేదు,
రేవు మీద ఒలికిన రాయిపొడి ఊడవమన్నారు.
చీపురు ఆపి వచ్చింది, బొటనవేలు నోట్లో పెట్టుకుని.
“ఇదేందయ్యా, కోసింది.”
నల్లటి ముక్కోణం, అంచంతా రంపం.
సొరచేప పన్ను, అన్నాను.
ఆ ఎడారి ఒకప్పుడు సముద్రం.
“ఎన్నేళ్ళ కింద?”
కోట్లు.
“మా అత్తకి యాభైకే అన్నీ ఊడినయ్.”

కాసేపు అరచేతిలో దొర్లించింది.
“దీన్ని గూడా నూరతారా?”
నూరి, ఆమ్లంలో వేసి, గుళికలు చేసి, సంచుల్లో పోస్తారు.
“ఆనక?”
ఆనక వరిమడిలో.
“అబ్బా! శుక్రవారం నీసు ముట్టనని మొక్కుకుంటినే.
పన్నెండేళ్ళుగా ఉత్తన్నమే గదా అని తింటా ఉండాను.”

సాయంత్రం పొట్లాలు కట్టాను.
ఒకటి అమ్మినవాడికి, ఒకటి కొన్నవాడికి,
మూడోది తగవొస్తే తేల్చడానికి.
ఆర్నెల్లు బీరువాలో ఉంచి పారబోయడమే,
తగవులు ఎప్పుడోగానీ రావు.
ఆ ధైర్యంతోనే
పన్ను తుడవకుండా మూడోదాంట్లో వేసి
లక్క కరిగించి ముద్ర కొట్టాను.
ఎందుకో అడక్కండి. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో
రూలు తప్పింది అదొక్కసారే.

తగవొచ్చింది.
వాళ్ళ లాబులో ముప్పై రెండు, మన లాబులో ముప్పై పాయింట్ ఎనిమిది.
మధ్యలో ఉన్న తేడా దేవసహాయం గారి భాషలో రెండు అపార్ట్‌మెంట్లు.
మూడో పొట్లం విమానమెక్కింది.
నాకు పదిహేను రోజులు నిద్ర లేదు.

నివేదిక వచ్చింది.
భాస్వరం ముప్పై ఒకటి పాయింట్ నాలుగు.
ఇద్దరూ సగం సగం నష్టపోయి చేతులు కలిపారు.
అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం:
దంతం ఒకటి, నాలుగు గ్రాములు, లెక్కలోకి తీసుకోలేదు.
దేవసహాయం గారు ఆ వరుస దాకా చదవలేదు.

షెడ్డుకెళ్ళి మస్తానమ్మకి తెలుగులో చెప్పాను.
కుట్టు ఆపకుండానే
బొటనవేలి మీది గీత ఒకసారి చూసుకుంది.
“దాని మీద నా నెత్తురుండె గదయ్యా,
అదీ లెక్కలో ఎయ్యలేదా?”
నవ్విందో లేదో
మిషను మోతలో తెలియలేదు.